మిగులు దారం ఎవరిది?



మూడు వారాలుగా రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక ముడి నేర్చుకుంటున్నాం. మొదట నేర్చుకున్నది పాస్టరమ్మ గారు. ఫోన్ పట్టుకుని వీడియో ఆపడం, మళ్లీ వెనక్కి జరపడం మా వంతు. రెండో రాత్రికి చెయ్యి ఊరుకోక మేమూ సూది అందుకున్నాం. మేముండేది నర్సాపురానికి దగ్గర్లోని పల్లెటూళ్లో. ఇక్కడ లేసు బేరం మగవాళ్లది, లేసు అల్లిక ఆడవాళ్లది. అరుగు మీద సూది పట్టుకుని కూర్చున్న పాస్టరుని చూసి దారిన పోయే ఒకాయన, "ఏవండీ అయ్యగారూ, సేవ మానేసి ఇందులో దిగారా ఏంటండీ?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మేమూ నవ్వాం. కానీ ఆ ముడి గురించి రాయాలంటే ముందు దారం గురించి రాయాలి. దారం గురించి రాయాలంటే మేము చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

సంగతి ఒక ఫోటోతో మొదలైంది. మా సంఘంలో పెరిగి, ఇప్పుడు ఐర్లండ్‌లో నర్సుగా పనిచేస్తున్న ఒక బిడ్డ సెలవు రోజున ఎక్కడో అద్దాల పెట్టెలో చూసిన పాత లేసు కాలరును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. కింద ఒకటే మాట: "అయ్యగారండీ, ఇది మన లేసేనాండీ?" పాస్టరమ్మ గారు ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూసి, "సూది మన సూదే. పని మాత్రం మనది కాదు" అన్నారు. మన దగ్గర పువ్వులు బల్లపరుపుగా ఉంటాయి, గొలుసు కుట్లతో ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ కాలరులో పూల రేకలు అరచేతికి తగిలేంత ఉబ్బెత్తుగా ఉన్నాయి. పువ్వుకీ పువ్వుకీ మధ్య జాలీ ఉంది, ఆ జాలీ దారాల మీద ఎక్కడికక్కడ జొన్నగింజంత ముడులున్నాయి.

దాన్ని క్లోనిస్ లేసు అంటారని ఆ బిడ్డే చెప్పింది. క్లోనిస్ ఐర్లండ్‌లోని మోనహన్ కౌంటీలో ఒక ఊరు. 1845లో ఆ దేశంలో బంగాళాదుంప పంటకు తెగులు వచ్చింది. పేదవాడికి అదే అన్నం. ఆ తర్వాతి కొన్నేళ్లలో సుమారు 10 లక్షల మంది ఆకలికీ, జ్వరాలకీ చనిపోయారు. ఇంచుమించు అంతే మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఆ కరువులో, 1847లో, క్లోనిస్ పాదిరిగారి భార్య కసాండ్రా హ్యాండ్ అనే ఆవిడ అక్కడి పేద స్త్రీలకు క్రోషియా పని నేర్పించి, వాళ్లు చేసినదానికి కొనేవాళ్లను వెతికింది. వెనిస్‌లో సూదిమొనతో నెలల తరబడి కుట్టే ఖరీదైన లేసు పోలిక, కొక్కెం సూదితో త్వరగా వచ్చేది. ఒక ఇంట్లో ఒక రకం పువ్వు, ఇంకో ఇంట్లో ఇంకో రకం ఆకు. వాటన్నిటినీ జాలీతో కలిపి కాలరుగానో జాకెట్టుగానో చేసేది మరొకరు. తమ పువ్వు నమూనాను పక్కింటివాళ్లకు తెలియనివ్వని కుటుంబాలు కూడా ఉండేవట.

ఇది చదువుతుంటే మాకు మన డెల్టా గుర్తుకు వచ్చింది. 1832–33లో గుంటూరు, బందరు వైపు నందన కరువు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. అది గడిచిన కొద్దికాలానికే, 1836లో, బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో సహా వచ్చి ఈ గోదావరి ఒడ్డున స్థిరపడ్డారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, అంటే ఇంకా చాలా తర్వాత. 19వ శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల స్త్రీల ద్వారా క్రోషియా సూది మన పేద క్రైస్తవ స్త్రీల చేతికి వచ్చింది. వాళ్లనుండి అన్ని కులాల ఇళ్లకూ పాకింది. పాస్టరమ్మల పని ఇది, ఒకప్పుడు. ఇప్పటి పాస్టరమ్మల్లో ఎందరికి సూది పట్టడం వచ్చో అడగం గానీ, పాస్టర్ల సంగతి మాత్రం మాకు తెలుసు.

ఇక ఆ ముడి. సూది మీదున్న ఉచ్చును కొంచెం పొడవుగా లాగాలి. దారాన్ని ఒకసారి సూది మీదుగా తీసుకోవాలి, తర్వాత సూదిని ఆ పొడుగాటి ఉచ్చు కిందినుండి తిప్పి మళ్లీ దారం తీసుకోవాలి. పైనొకటి, కిందొకటి. ఇలా ఏడెనిమిదిసార్లు తిప్పాక, దారం అందుకుని చుట్లన్నిటిలోంచి ఒక్కసారే బయటికి లాగాలి. చివర్న ముడి మొదట్లో ఒక చిన్న కుట్టు వేసి బిగించాలి. అది మర్చిపోతే ముడంతా జారిపోతుంది. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం చుట్లు గట్టిగా పడితే సూది లోపలే ఇరుక్కుపోతుంది, వదులుగా పడితే గొంగళిపురుగులా వస్తుంది. మావి అన్నీ గొంగళిపురుగులే. "మీరు పట్టుకున్నది మైకు కాదండీ, సూది" అని పాస్టరమ్మ గారు ఒకటికి నాలుగుసార్లు అన్నారు.

రేకలు ఉబ్బెత్తుగా రావడానికి ఇంకో కిటుకు ఉంది. నాలుగైదు పోగులు కలిపి ఒక తాడులా పట్టుకుని, కుట్లన్నీ దాని మీదుగా వేస్తారు. రేక పూర్తయ్యాక ఆ తాడును సన్నగా లాగితే రేక వంపు తిరుగుతుంది. మిగిలిన కొసలు కత్తిరించేస్తారు. లోపలున్న తాడు పైకి కనబడదు. దానికి మంచి దారం అక్కర్లేదు. జానెడు ముక్కలైనా, మాసినవైనా, రంగు కలవనివైనా పనికొస్తాయి.

అక్కడే మాకు బీరువా మీదున్న రేకు డబ్బా గుర్తొచ్చింది.

లేసు పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఏజెంటు దారం తూకం వేసి ఇస్తాడు, అల్లిన లేసు తూకం వేసి తీసుకుంటాడు. రెండు తూకాలూ సరిపోవాలి. తగ్గితే కూలిలో కోత. కానీ ఏ పనిలోనైనా కొసలు మిగులుతాయి. ఉండ చివర, కత్తిరింపు దగ్గర, తప్పుపోయి విప్పిన చోట. ఎనిమిదేళ్ల కిందట ఒక ఏజెంటుగారు మా ఇంటికి వచ్చి, మా సంఘంలో కొందరి దగ్గర దారం తూకం తగ్గుతోందనీ, అయ్యగారు వాక్యం ద్వారా ఒక మాట చెబితే బావుంటుందనీ అడిగారు. మేము ఆలోచించలేదు. ఆ ఆదివారమే యెహోషువ గ్రంథంలోని ఆకాను గురించి ప్రసంగించాం. దొంగసొమ్ము డేరాలో పాతిపెట్టి, ఇశ్రాయేలు అంతటికీ ఓటమి తెచ్చినవాడు. చాలా బలంగా ప్రసంగించామని నలుగురు మెచ్చుకున్నారు కూడా. (ఈ వ్యాసంలో "మేము" అంటే చాలాచోట్ల ఇద్దరం. ఆ ప్రసంగం మాత్రం మేమొక్కరమే. పాస్టరమ్మ గారు ముందురాత్రే వద్దన్నారు.)

మర్నాడు పొద్దున్నే సంఘంలోని ఒక పెద్దామె వచ్చింది. ఏడెనిమిదేళ్ల వయసునుండి లేసు అల్లుతున్న మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. కొంగు చాటునుండి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తీసి మా ముందు పెట్టింది. నిండా దారం కొసలు. తెలుపు, మీగడ రంగు, ఎప్పుడో ఏదో విదేశీ ఆర్డరు తాలూకు రంగులు. "నా డేరాలో ఉన్నది ఇదేనండీ అయ్యగారూ" అంది. ప్రార్థన చేసి పంపించాం. ఆ డబ్బా తీసుకెళ్లి ఏజెంటుగారికి ఇచ్చాం. ఆయన మూత తీసి చూసి పకపకా నవ్వారు. "ఈ పీచు నాకెందుకండీ? ఇది తూకానికి రాదు. అవతల పారెయ్యండి" అన్నారు.

డబ్బా పట్టుకుని తిరిగొచ్చాం. పారెయ్యలేదు. ఆమెకు తిరిగి ఇచ్చే ధైర్యమూ చేయలేదు. ఎనిమిదేళ్లు అది మా బీరువా మీదే ఉంది.

మేము బైబిలు కళాశాలలో చదువుకున్నప్పుడు ధర్మశాస్త్రంలో పరిగె గురించి పాఠం ఉండేది. పరీక్షలో రాశాం, మార్కులు కూడా వచ్చాయి. పొలం అంచులు పూర్తిగా కోయకూడదు. మర్చిపోయిన పన కోసం వెనక్కి వెళ్లకూడదు. ఒలీవ చెట్టును రెండోసారి దులపకూడదు. ఆ మిగిలింది పరదేశిది, తండ్రిలేనివాడిది, విధవరాలిది. లేవీయకాండములోనూ, ద్వితీయోపదేశకాండములోనూ ఇది ఉంది. రూతు కథంతా దీని మీదే నడుస్తుంది. ఇందులో గమనించాల్సింది ఒకటి ఉంది. అది రైతు దయతో ఇచ్చే దానం కాదు. ఆజ్ఞ. మిగులు మీద రైతుకు హక్కే లేదు. అంటే ఏరుకునే ఆమె దొంగా కాదు, బిచ్చగత్తే కాదు. మన డెల్టాలో కోతలయ్యాక పరిగె ఏరుకునే ఆడవాళ్లను చిన్నప్పుడు మేమూ చూశాం. కోత మిషన్లు వచ్చాక ఆ మాటే వినబడటం తగ్గింది.

మరి విధవరాలైన ఒక లేసు కూలీ జానెడు కొసలు దాచుకుంటే, పరిగె గురించి చెప్పాల్సిన పాస్టరు ఆకాను గురించి ఎందుకు చెప్పాడు? మా దగ్గర జవాబు ఉంది గానీ అది మాకు గౌరవం తెచ్చేది కాదు. ఏజెంటుగారు మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుని మాట్లాడారు. ఆమె ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఉండలకు ఉండలు మాయం చేయడం తప్పు కాదని మేము అనడం లేదు. ద్వితీయోపదేశకాండములోనే ఆ తేడా ఉంది. పొరుగువాడి ద్రాక్షతోటలో కడుపునిండా తినవచ్చు గానీ బుట్టలో వేసుకోకూడదు. పైరులో చేత్తో వెన్నులు తుంచుకోవచ్చు గానీ కొడవలి వేయకూడదు. ఏజెంటుగారే తూకానికి రాదన్నది చేతిలోదా, బుట్టలోదా అనేది తేల్చడానికి పెద్ద వేదాంతం అక్కర్లేదు.

సరే, ముడి నేర్చుకోవడానికి దారం కావాలి, డబ్బా పైన ఉంది. "అడక్కుండా ముట్టుకోవద్దు" అన్నారు పాస్టరమ్మ గారు. ఇద్దరం డబ్బా తీసుకుని ఆ పెద్దామె ఇంటికి వెళ్లాం. ఆ రోజు చేసిన ప్రసంగం తప్పని చెప్పాం, క్షమించమన్నాం. ఆమె కంగారుపడిపోయి ముందు కుర్చీ తుడిచింది. "అదెప్పటి మాటండీ, నేనప్పుడే మర్చిపోయానండీ" అంది. డబ్బా మాత్రం తీసుకోలేదు. "మీ దగ్గరే ఉంచండి. ఆ కొత్త పనేదో నేనూ చూత్తాను, శనివారం వత్తాను" అంది.

శనివారం స్త్రీల కూడిక అయ్యాక ఆమెతోపాటు ఇంకో అయిదుగురు మా అరుగు మీదే ఉండిపోయారు. ముడి మాకు వారం పట్టింది, ఆమెకు పావుగంట. వీడియో రెండుసార్లు చూసి, ఫోన్ పక్కన పెట్టించేసింది. చుట్లు వేసేటప్పుడు దారాన్ని ఎడమచేతి చూపుడువేలితో కొద్దిగా వదలాలని, వీడియోలో చెప్పని మాట ఆమే చెప్పింది. అప్పటినుండి మావీ గొంగళిపురుగులు కావడం మానేశాయి, కొన్ని.

రేకల పువ్వు అయ్యాక చుట్టూ జాలీ అల్లాలి. అక్కడ ఆమె ఆగిపోయింది. "ఇది నాకు రాదండీ" అంది. మేము తమాషాకేమో అనుకున్నాం. తర్వాత అర్థమైంది. అరవై ఏళ్లకు దగ్గరగా ఆమె చేసింది పువ్వు ఒక్కటే. కట్టలు కట్టలుగా పువ్వులు. అతుకుపని చేసేవాళ్లు వేరే ఊళ్లో ఉంటారు. ఆఖరి ముస్తాబు, ఇస్త్రీ నర్సాపురంలో. పువ్వులన్నీ కలిసి బల్లగుడ్డో, పరుపు దుప్పటో అయ్యాక ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. తన పువ్వు ఏ దేశంలో ఎవరి బల్ల మీద ఉందో తెలియకపోవడం ఒక సంగతి. అది ఏ వస్తువులో భాగమో కూడా తెలియకుండా ఒక జీవితం గడిచిందంటే, ఇన్నేళ్లుగా ఆమె ఇంటి ముందునుండే గుడికి వెళుతున్న మేము ఆ మాట ఒక్కసారైనా అడగలేదంటే, తల దించుకోవాల్సిందే.

జాలీ ఆమెకు ఇంకో ఆమె నేర్పింది. అరచేతి వెడల్పు ముక్క ఒకటి, పువ్వు, ఆకులు, జాలీ, అంచు అన్నీ తానే అల్లింది. మొదటిసారి.

ఇక్కడ మా అభిప్రాయం సూటిగా చెబుతాం. మిగిలిన దారం అల్లినవాళ్లది. దానితో వాళ్లు కొత్తది నేర్చుకుంటే ఆ నేర్పూ వాళ్లదే. మన సంఘాలు దాని మీద చెయ్యి వేయకూడదు. ఎందుకంటే చెయ్యి వేయడానికి అప్పుడే మాటలు మొదలయ్యాయి. ఒక పెద్దాయన, "ఇవన్నీ పోగుచేసి క్రిస్మస్‌కి అమ్మి మందిరం రంగులకి వాడదామండీ" అన్నారు. ఇంకొకరు బల్లారాధన బల్లకు గుడ్డ చేయించమన్నారు. ఇద్దరివీ మంచి మనసులే. కానీ ఐదువేల మందికి పెట్టాక మిగిలిన ముక్కలు ఏమీ పాడుకాకుండా పోగుచేయమన్న ప్రభువు, వాటిని అమ్మమని చెప్పలేదు. వాళ్లు అమ్ముకుంటామంటే అమ్ముకోనివ్వండి, డబ్బు వాళ్లకే వెళ్లాలి. మందిరానికి ఇస్తామంటే వాళ్లంతట వాళ్లు ఇవ్వాలి. మనం అడిగితే అది కూడా ఇంకో ఆర్డరే అవుతుంది. ఇంకో ఏజెంటు అవుతాం, తెల్లబట్టలు వేసుకున్న ఏజెంటు.

ఇంకో మాట మనం మానుకోవాలి. "మా సంఘం స్త్రీలు ఖాళీగా కూర్చోరండీ, తీరిక వేళల్లో లేసు అల్లుకుంటారు" అని మేము చాలా సభల్లో గర్వంగా చెప్పాం. మారియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త నర్సాపురం లేసు స్త్రీల మీద 1982లోనే ఒక పుస్తకం రాసింది. వాళ్లను గృహిణులనీ, వాళ్లది తీరిక పని అనీ పిలవడం వల్లే అంత తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమవుతోందని ఆమె వాదన. ఆ వాదన మొత్తంతో ఏకీభవిస్తామో లేదో గానీ, ఆ ఒక్క మాట మాకు ముల్లులా గుచ్చుకుంది. పొద్దున వంట, పశువులు, పిల్లలు, తర్వాత చీకటి పడేదాకా సూది. ఇందులో తీరిక ఎక్కడుంది? నిజంగా తీరిక అనేది మిగిలితే అది కూడా ఆ దారం కొసలాంటిదే, జానెడు. దానిలో ఆమె ఏం చేయాలో ఆమెను తేల్చుకోనివ్వాలి. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. మందిరంలో స్తుతి ప్రార్థన కూడా చేశాం. ఆ గుర్తింపు ఊరికి వచ్చింది, పనికి వచ్చింది. పువ్వు అల్లిన మనిషిని పేరుపెట్టి ఎవరు గుర్తిస్తారన్నది ఇంకా తేలాలి.

"ఈ ముడి నేర్చుకుంటే కూలి పెరుగుతుందాండీ?" అని కూడా ఒక అమ్మాయి అడిగింది. పెరగదు. అబద్ధం చెప్పలేదు మేము. ముడి వేయడానికి సమయం ఎక్కువ పడుతుంది, దారం ఎక్కువ తింటుంది. ఏజెంటు దీనికి వేరే రేటు కట్టడు. రేటు కట్టిన రోజున గంటకు ఇన్ని ముడులని లెక్క కూడా కడతాడు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే మనకోసమేనన్నమాట" అని సూది తీసుకుంది. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్లు పేతురుకు ఆమె కుట్టిన అంగీలు చూపించి ఏడ్చారు. అవి ఎంతకు అమ్ముడుపోయాయో లూకా రాయలేదు.

గత శనివారం పెద్దామె అందరికంటే ముందే వచ్చింది. తన ముక్క తెచ్చుకుంది. అంతా తెలుపే, పువ్వు మధ్యలో మాత్రం బొడ్డు అల్లకుండా ఖాళీగా వదిలేసింది. ఎందుకని పాస్టరమ్మ గారు అడిగితే బదులు చెప్పకుండా డబ్బా బోర్లించి, కొసలన్నీ చాప మీద పరిచి వెతకడం మొదలుపెట్టింది. "ఇందులో నీలం ముక్కొకటి ఉండాలండీ. మా పెద్దపిల్ల పెళ్లి ఏడు ఏదో ఫారిన్ ఆర్డరు వచ్చింది కదండీ, దాంట్లోది" అంది. అంతా మర్చిపోయానన్న మనిషి. మేము ఏమీ అనలేదు, మేమూ కూర్చుని వెతికాం. అడుగున, మీగడ రంగు చిక్కులో దొరికింది. విప్పి వేలికి చుట్టి కొలిచింది. మూరకు కాస్త తక్కువ.

"నాలుగు ముడులొత్తాయండీ" అంది. "అయిదోది రాదు."